చెలమలో చిటికెడు పసుపు

మా సోషల్ అయ్యవారు పోయారు. పొద్దున పాలు పోయించుకుంటుంటే ఎదురింటి అమ్మ, అంటే ఆయన భార్య, గేటు దాకా వచ్చి, "అయ్యోరు లేయలేదు పాపా" అంది. ఇంకా నిద్రపోతున్నారేమో అనుకున్నాను. ఆమె చేతిలోని కాఫీ గ్లాసు చూశాక గాని అర్థం కాలేదు. కాఫీ చల్లారి మీగడ కట్టింది.

ఆయన కోరింది ఒక్కటే. "నన్ను కాశీకి, రామేశ్వరానికి తిప్పొద్దండి. మన యేట్లోనే కలపండి." అదెంత కోరిక చెప్పండి! కానీ ఇది నడి ఎండాకాలం. మా స్వర్ణముఖిలో చుక్క నీరు లేదు. ఇసుక లారీలు తవ్వుకుపోయిన గుంతలు, కంపచెట్లు, బ్రిడ్జి నీడలో మేకలు, అంతే.

మీకు మా ఊరు తెలిసుండదు. చంద్రగిరి దాటి యేటి వెంబడే కిందికొస్తే, రైలు ఆగీ ఆగనట్టు ఆగే ఊరు. మా ఇళ్ళుండేది రేవు వీధిలో. పేరుకే రేవు. వీధికీ యేటికీ నడుమ ఇప్పుడు పెట్రోలు బంకు, కల్యాణ మండపం, రెండు మామిడితోపులు. ఆ పేరు విని క్లాసులో నవ్వేవాళ్ళం.

"నగండి, నగండి" అనేవారు అయ్యవారు. "ఊరు కదల్లేదబ్బా. యేరే ఒత్తిగిలింది. నిద్రలో మనం ఒత్తిగిలమా?"

ఆ మాటతో మా వీధి చివర రేవు కనిపించేది. గుర్రాలు నీళ్ళు తాగుతుండేవి, చంద్రగిరి కోటకు పోయే ధాన్యం బండ్లు బరువుగా ఇసుకలో దిగేవి. ఆ మధ్య తుపానుకు యేరు పొంగి నేరుగా మా వీధికే వచ్చింది. "సూస్తిరా? పాత పక్కకు తిరిగింది!" అని మోకాటి లోతు నీళ్ళలో నిలబడి మురిసిపోయారు మహానుభావుడు. వాళ్ళింట్లో బియ్యం డబ్బా తేలుతోంది. ఎదురింటి అమ్మ తిట్టిన తిట్లు వీధంతా విన్నాం.

వేసవి సెలవులకు ముందు చివరి క్లాసు యేట్లోనే జరిగేది. తెల్లారగానే, ఇసుక ఇంకా చల్లగా ఉన్నప్పుడు. ఆయన బొటనవేలితో ఊరి పటం గీస్తుంటే మేము చేతులతో చెలమ తోడేవాళ్ళం. మోచేతి లోతుకు పోతే నీళ్ళు ఊరేవి, మొదట బురదగా, తర్వాత తేటగా. అప్పుడు జేబులోంచి పొట్లం తీసి చిటికెడు పసుపు చల్లేవారు.

"మాట్లాడద్దండి. యాడికి పోతాదో సూడండి."

పసుపు కాసేపు ఉన్నచోటే ఉండి, నిద్రలో నడిచినట్టు మెల్లగా ఒక పక్కకు జరిగేది. తూర్పుకు. కాళహస్తి వైపు, సముద్రం వైపు.

"ఎండిపోయిందని ఎవురన్నా అంటే నమ్మొద్దు. కింద నడస్తానే ఉండాది."

నాకు అనుమానాలెక్కువ. "గాలికి జరిగిందేమో అయ్యోరూ" అన్నాను ఒకసారి. ఆయన కోప్పడలేదు. భుజం మీది తువ్వాలు గాలికి అడ్డం పట్టి మళ్ళీ పసుపు వేశారు. మళ్ళీ తూర్పుకే పోయింది. "అడిగినావు సూడు, అదీ సదువంటే" అన్నారు. అన్ని పరీక్షల్లోనూ తప్పే నన్ను మెచ్చుకున్న మొదటి మనిషి ఆయన. అప్పటినుంచి అయ్యవారంటే నాకు ప్రాణం.

మూడో నాడు ఆయన అల్లుడు, "కాళహస్తికి పోదామత్తా, కారుండాది. ఆడన్నా నీళ్ళుంటాయి" అన్నాడు. మంచివాడే పాపం. అమ్మ ఒప్పుకోలేదు. "ఆయన మాట ఈడుండాది. ఈడే తవ్వండి."

తవ్వారు. లారీలు తినేసిన యేరు కదా, మోచేతి లోతు పోయి నడుం లోతయినా పొడి ఇసుకే. అల్లుడు పార ఆపి మా ముఖాలు చూశాడు. పోయిన మనిషి మాట ఇప్పుడు అబద్ధమైతే ఈమె ఎట్లా తట్టుకుంటుంది?

"ఇంకొంచెం తవ్వు నాయనా" అంది అమ్మ.

ఛాతీ లోతులో ఇసుక నల్లబడింది. నీళ్ళు ఊరాయి. తేటపడేదాకా అందరం ఊరకే కూర్చున్నాం. అల్లుడు దిగి అస్థికలు వదిలాడు. బూడిద నీటి మీద కదలకుండా నిలిచింది. అమ్మ వంగి కొంగు ముడి విప్పింది. ఇకమీదట నువ్వు ముట్టగూడదని పొద్దున ఎవరో ఆమెతో అన్న పసుపు. చిటికెడు తీసి చల్లింది.

గాలి లేదు. అయినా నేను చీర చెంగు అడ్డం పట్టాను.

పసుపూ బూడిదా కాసేపు ఉన్నచోటే ఉన్నాయి. తర్వాత రెండూ కలిసి, మెల్లగా, తూర్పుకు జరిగాయి.

"పోతా ఉండాడు" అంది అమ్మ.

చెంగు దించడానికి నాకు చేతులు రాలేదు.