బురుల్ అక్క మాత్రల పంపకం

బురుల్ అక్కను తలుచుకుంటే నాకు ముందు కోపమొస్తుంది, వెంటనే నవ్వొస్తుంది. నరీన్ కొండల్లో ఉన్ని తివాచీలు కుట్టి బతికే మనిషి. కంటి లోపలి పొర అంచుల నుంచి చచ్చిపోతూ వచ్చే జబ్బు వాళ్ల వంశంలోనే ఉంది. వాళ్ల నాన్నకు యాభై ఏళ్లకే చూపు పోయింది. అదే జబ్బు అక్కకూ వచ్చింది, తల్లి పోయాక ఆమె చంకనేసుకుని పెంచిన తమ్ముడు మమీర్‌కూ వచ్చింది. అక్క ఎదురుగా ఉన్న సూదిలో దారం ఎక్కిస్తుంది గానీ, పక్కన నిలబడ్డ గొర్రె కనపడక దాని మీద పడుతుంది. పడి, గొర్రెనే తిడుతుంది.

ఒక పాత దగ్గు మందు ఈ జబ్బును ఆపుతుందేమోనని రాజధాని బిష్కెక్‌లో మా కంటి ఆసుపత్రి పరీక్ష మొదలుపెట్టింది. అక్కాతమ్ముళ్లిద్దరూ చేరారు. సగం మందికి అసలు మందు, సగం మందికి అచ్చం అలాగే కనిపించే ఉత్త మాత్రలు. ఎవరికేది వెళ్లిందో డాక్టరుకూ తెలియదు, నర్సునైన నాకూ తెలియదు. ఈ మాట వాళ్లకు మూడుసార్లు విడమరిచి చెప్పాను.

"అంటే నాకు మందొచ్చి, వీడికి సుద్ద రావచ్చా?" అంది అక్క.

"రావచ్చక్కా. అటూ కావచ్చు, ఇటూ కావచ్చు."

"ఇదేం పంపకమే దమీరా? మా ఇంట్లో కుక్కకు కూడా ఇలా పెట్టం."

నిజమే, మా వైపు ఉడికిన మాంసం వయసు వరసన అందరికీ పంచకుండా ఎవరూ నోట్లో పెట్టుకోరు. నేను నవ్వి ఊరుకున్నాను. అక్కడే పట్టుకోవలసింది.

మూడు నెలలకోసారి ఎండిన పెరుగు ఉండలు మూటగట్టుకుని వచ్చేది. మిగిలినవి లెక్కబెడితే ఇద్దరి డబ్బాల్లోనూ ఒక్క మాత్ర తేడా ఉండేది కాదు. "ఆవిణ్ణి చూసి నేర్చుకోండి" అని మిగతావాళ్లను దెప్పేదాన్ని.

తొమ్మిదో నెలలో రక్తపరీక్ష మా పరువు తీసింది. ఇద్దరి రక్తంలోనూ మందుంది, ఇద్దరిలోనూ ఉండవలసిన దాంట్లో సగమే ఉంది. డాక్టర్ కాలిస్ ఇద్దర్నీ పిలిపించాడు.

"పొద్దున రెండు మాత్రలు వేసుకోమన్నాం కదా. ఎలా వేసుకున్నారు?"

"నా డబ్బాలోది ఒకటి, వీడి డబ్బాలోది ఒకటి" అంది అక్క, దాచవలసిందేముందన్నట్టు. "వీడూ అంతే."

"నాకేం తెలుసు సార్, అక్క చేతిలో పెడితే మింగాను" అన్నాడు మమీర్.

"నోర్ముయ్! నా చేతిలో కూడా రెండు డబ్బాలవీ ఉన్నాయో లేవో రోజూ చూసుకునేవాడివి కాదూ!"

డాక్టరు ఇద్దర్నీ పరీక్షలోంచి తీసేశాడు. అక్క ముఖం అప్పుడు పాలిపోయింది. "మావల్ల మిగతావాళ్లకు నష్టమా బాబూ?" అని అడిగింది. తన కళ్ల సంగతి అడగలేదు.

మరుసటి ఏడాది పరీక్ష ముగిసింది. మందు పూర్తిగా తీసుకున్నవాళ్లకు చూపు కుంచించుకుపోవడం నెమ్మదించింది. అక్కాతమ్ముళ్లకు మాత్రం ఆగలేదు. ఇద్దరికీ చెరొక డబ్బా అసలు మందు పట్టుకుని వాళ్ల ఊరికి నేనే వెళ్లాను. పోయింది తిరిగిరాదని, ఉన్నది నిలుస్తుందేమో చూద్దామని చెప్పాను. మమీర్ ఇప్పుడు గొర్రెల మందను బయటికి తోలలేకపోతున్నాడు.

"అప్పుడు ఎవరి డబ్బాలో మందుందో తెలిసింది. కావాలంటే చెబుతాను" అన్నాను.

మమీర్ నోరు తెరిచాడు. అక్క తడుముకుంటూ అతని మోకాలి మీద చెయ్యేసింది.

"వద్దే తల్లీ. నాదైతే జీవితాంతం వీడు నా ముందు తల దించుకుంటాడు. వీడిదైతే నేను నా తమ్ముడి కళ్లు తిన్నదాన్నవుతాను."

నేను చెప్పలేదు. కానీ నాకు తెలుసు. ఆ ఇద్దరి ఎదుటా కూర్చుని, మందున్న డబ్బా ఎవరిదో ఆ ఒక్కరి వైపు చూడకుండా టీ తాగడం నావల్ల కాక, బస్సుకు ఇంకా రెండు గంటలుండగానే లేచి వచ్చేశాను.