నాలుక గారి జ్ఞానదంతం

ఆ టీ కంపెనీలో ఆయన్ని అందరూ నాలుక గారు అనేవారు. పద్దెనిమిదేళ్ళుగా ఆయన పని ఒక్కటే. ఉత్తరం వైపు కిటికీలున్న పొడుగాటి గదిలో తెల్ల పింగాణీ కప్పుల వరుస ముందు నిలబడాలి. చెంచాతో టీ తీసుకుని జుర్రుమని పీల్చి, నాలుక మీద ఒక్క తిప్పు తిప్పి, తొట్టిలో ఊసేయాలి. ఊసాక ఒకే ఒక్క మాట అనేవాడు. "పచ్చి." "మాడు." "నిలవ." ఆ మాట మీద లారీలకు లారీల సరుకు వచ్చిన దారినే వెనక్కి పోయేది.

ఇంట్లో మాత్రం ఆయన నోట్లో నాలుక లేని మనిషి. భార్య ఏది వడ్డిస్తే అది తినేవాడు, ఏ చొక్కా చేతికిస్తే అది తొడుక్కునేవాడు. ఒక్క టీ దగ్గరే బుద్ధి పోనిచ్చుకునేవాడు కాదు. ఆవిడ కప్పు అందిస్తే ఒక గుక్క తాగి, "రెండు నిమిషాలు ఎక్కువ మరిగింది" అనో, "డబ్బా మూత సరిగ్గా పెట్టలేదు" అనో తీర్పు చెప్పేవాడు. ఇన్నేళ్ళలో బాగుందన్న పాపాన పోలేదు. ఆవిడకు అది లోలోపల ముల్లులా గుచ్చుకునేదని ఆయనకు తెలియక కాదు. అబద్ధం చెబితే నాలుక పాడవుతుందని భయపడేవాడో ఏమో.

నాలుక కోసం ఆయన చెయ్యని తపస్సు లేదు. పచ్చి ఉల్లిపాయ ముట్టడు. పొద్దున్న పళ్ళు తోముకోవడానికి పేస్టు కూడా వాడడు, వట్టి బ్రష్షే. ఆ పుదీనా వాసన మధ్యాహ్నం దాకా నోట్లో తిష్ఠ వేస్తుందట. పక్కవాడు లవంగం బుగ్గన పెట్టుకొస్తే గుమ్మంలోంచే వెనక్కి పంపేసేవాడు.

అలాంటి నోట్లో, నలభై రెండో ఏట, కింద కుడివైపు చిట్టచివర పోటు మొదలైంది. పళ్ళ డాక్టరమ్మ ఎక్స్‌రే తీసి వెలుతురుకు పట్టి చూపించింది.

"జ్ఞానదంతమండీ. నిటారుగా రావాల్సింది చోటు లేక అడ్డంగా పడుకుంది. ముందు పన్నుని నెడుతోంది. సగం చిగురు కిందే ఉంది కాబట్టి సందులో తిండి ఇరుక్కుని చీము పడుతుంది. ఇప్పుడే తీయించుకుంటే మంచిది."

బావమరిది ఈ సంగతి విని పొట్ట చెక్కలయ్యేలా నవ్వాడు. "జ్ఞానం వచ్చి కూడా నీలో చోటు దొరకలేదన్నమాట బావా."

డాక్టరమ్మ ఇంకో మాట కూడా చెప్పింది. ఆ పన్నుకి దగ్గర్లోనే నాలుకకు వెళ్ళే నరం ఉంటుందని, ఏ నూటికో ఒకరికి నాలుక ఒక పక్క మొద్దుబారవచ్చని, వాళ్ళలోనూ చాలామందికి మళ్ళీ స్పర్శ వచ్చేస్తుందని. ఆయన చెవిన పడింది మొద్దుబారడం ఒక్కటే. ఆ నూటికి ఒక్కడూ తానేనని అక్కడికక్కడే తేల్చేసుకున్నాడు. మందుల చీటీ మడిచి జేబులో పెట్టుకుని వచ్చేశాడు.

పోనీ, చీటీలో రాసినవైనా వాడాడా అంటే అదీ లేదు. ఉప్పునీళ్ళు పుక్కిలిస్తే నాలుక మీద ఉప్పు నిలుస్తుంది. లవంగనూనె సంగతి చెప్పనే అక్కర్లేదు. పుక్కిలించే మందు ఘాటు మూడు రోజులు పోదు. అలా మూడేళ్ళు పంటి బిగువున ఓర్చుకున్నాడు. ఏడాదికి రెండు మూడుసార్లు దవడ వాచేది, చెవిలో పోటు పొడిచేది, నోట్లోకి రెండు వేళ్ళు పట్టడం కష్టమయ్యేది. నాలుగు రోజులకు అదే సర్దుకునేది. ఆయనా సర్దుకునేవాడు.

నాలుగో ఏడు వానల్లో ఒక సరుకు చూసి "కుళ్ళు" అన్నాడు. మర్నాడు ఇంకోటి. వారం తిరిగేసరికి వచ్చిన ప్రతి సరుకూ కుళ్ళే. తోటలవాళ్ళు ఫోన్ల మీద ఫోన్లు. మేనేజరు తల పట్టుకున్నాడు. పక్క బల్ల దగ్గర టీలు పాళ్ళు చూసి కలిపే మనిషి, పదిహేనేళ్ళ స్నేహితుడు, అవే కప్పులు మళ్ళీ మళ్ళీ రుచి చూసి, ఏ తప్పూ దొరకక చెంచా కింద పెట్టేశాడు. నాలుక గారు విసుక్కుని, నోరు కడుక్కునే వేడినీళ్ళు ఒక గుక్క పుచ్చుకుని ఊసేశాడు.

"నీళ్ళు కూడా కుళ్ళాయి" అన్నాడు.

స్నేహితుడు తలుపు దగ్గరికి వేసి వచ్చాడు. "నీళ్ళు కాదు అన్నయ్యా. కొన్నాళ్ళుగా నీ పక్కన నిలబడితే వాసన వస్తోంది. చెప్పడానికి నాకే నోరు రాలేదు."

ఆయనకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. ఎవరి డబ్బా మూత వదులుగా ఉందో చెప్పగలిగినవాడు తన నోటి కంపు తాను పట్టుకోలేకపోయాడు. బంగారంలాంటి ఆకుని తన చీముతో కొలిచి వెనక్కి పంపాడు.

డాక్టరమ్మ కోప్పడింది. వాపు, జ్వరం దిగేదాకా వారం మందులు వాడించి, చిగురు కోసి, పన్నుని ముక్కలు చేసి తీసి, కుట్లు వేసింది. "లోపలి పక్క ఎముక కరిగిపోయిందండీ. నరం అక్కడే అతుక్కుపోయి ఉంది. అప్పుడే వచ్చుంటే..." అని ఆగిపోయింది.

మత్తు సాయంత్రానికి దిగుతుందన్నారు. దిగలేదు. నెలకోసారి వెళితే డాక్టరమ్మ సూదిమొనతో నాలుక కుడివైపు తాకి "తెలుస్తోందా?" అనేది. ఆయన అడ్డంగా తల ఊపేవాడు. ఏడాది నిండాక ఆవిడ సూది తీయడం మానేసింది. కుట్లు శుభ్రంగా మానాయి. చెవిపోటు పోయింది. నోరు మునుపటిలా తెరుచుకుంటోంది. పన్ను వరకూ వైద్యానికి వంక పెట్టడానికి లేదు. నాలుకలో ఎడమ సగం బతికే ఉంది గాని, చచ్చిన సగంలోంచి ఇనుప రుచి ఒకటి పుట్టి అన్నింటినీ కమ్మేస్తోంది.

మేనేజరు మంచివాడు కాబట్టి గోదాములో తేమ చూసే పనికి మార్చాడు. అక్కడి హమాలీలు కూడా ఆయన్ని నాలుక గారనే పిలిచేవారు. వెక్కిరింత కాదు, వాళ్ళకు తెలిసిన పేరు అదే. పిలిచిన ప్రతిసారీ ఆయన పలికేవాడు. ఏం చేస్తాడు మరి.

ఒకరోజు సాయంత్రం ఇంటికి రాగానే భార్య కప్పు చేతికిచ్చి, రోజూలా వెళ్ళిపోకుండా ఎదురుగా కూర్చుంది. ఆయన తాగాడు. వేడి తెలిసింది, ఇనుము తెలిసింది. ఆవిడ తన మొహంలోకే చూస్తోంది. ఇన్నేళ్ళుగా బాకీపడ్డ మాట ఇప్పుడైనా ఇచ్చేద్దామనుకున్నాడు. ఇక పాడవడానికి నాలుక ఎక్కడుంది కనక.

"బాగుంది" అన్నాడు.

ఆవిడ కప్పు ఆయన చేతిలోంచి మెల్లిగా తీసుకుంది.

"పొద్దున వడగట్టి పారెయ్యాల్సిన పొడేనండీ. దాన్నే మళ్ళీ మరిగించాను, మీరు మునుపటిలా తిడతారేమోనన్న ఆశతో."