లచ్చక్క ఉతికిన ఎనిమిది చీరెలు

లచ్చక్క పోయిందట.

నిన్న పొద్దుగాల చాయ్ తాగుతుంటె వాళ్ల బిడ్డ ఫోన్ జేసింది. ఏడ్పుల మాట సరిగ్గ రాలే. మూడుసార్లు అడిగిన. మూడోసారి గూడ నమ్మలే.

ఎట్ల నమ్మాలె? మొన్ననే వీడియో కాల్‌ల నన్ను తిట్టింది. గంత బిగుతు జాకెట్ ఎందుకు ఏస్కున్నవే, ఊపిరి ఆడుతుందా అని. అంత సాఫ్‌గ మాట్లాడిన మనిషి ఇంతల్నే ఎట్ల పోతది?

నిన్నంత పరేషాన్. ఇయ్యాల కూసొని రాస్తున్న. టైపింగ్ నా మనవరాలిది, మాటలు నావి. తప్పులుంటె దాన్నే అనుండ్రి.

తెల్వనోళ్లకు జెప్తున్న. లచ్చక్క మా పక్కింటి పిల్ల. నాకంటె నాలుగేండ్లు పెద్ద. కరీంనగర్ జిల్లాల మాది నేతోళ్ల వాడ. వాళ్ల బాపు మగ్గం, మా బాపు మగ్గం ఒక్క గోడకు అటు ఇటు.

గీ మనవరాలు పోయిన ఎండకాలం హైదరాబాద్‌ల ఏందో ఓపెన్ ఎయిర్ ఫోక్ మ్యూజిక్ ఫెస్టివల్‌కు పోయింది. వదులు వదులు కాటన్ బట్టలు, మెడల పూసలు, తలకు ఓ రుమాలు. దీన్ని బోహో స్టైల్ అంటరు అమ్మమ్మా, సమ్మర్‌కు మస్తు కంఫర్ట్ అన్నది. ఫొటో లచ్చక్కకు పంపిన. గిది మనం చిన్నప్పుడు, పందొమ్మిదొందల అరవైలల్లనే జేసినం గదనే అని నవ్వుకుంట వాయిస్ మెసేజ్ పెట్టింది.

అవును, జేసినం. అక్కనే చేయించింది.

గప్పుడు మంచిర్యాలల, గోదావరి ఒడ్డుకు, ఎండకాలంల జానపద పాటల పండుగ పెట్టిండ్రు. నీడ లేని మైదానం. మా ఎనిమిది మంది ఆడపిల్లలకు నాట్ల పాటలు, ఇసుర్రాయి పాటలు పాడే ఛాన్స్ వచ్చింది. లచ్చక్క లీడర్. ఊరు దాటి పాడుడు మాకు గదే మొదలు. జర అటు ఇటు అయినా మళ్ల ఎవ్వలు పంపరని అందరికి తెలుసు.

కమిటీ పెద్దమనిషి అందరు ఒక్కతీరుగ కనవడాలన్నడు. లేత పసుపు చీరె, ఎర్రంచు. నేసింది లచ్చక్క వాళ్ల బాపే. ఆయన గంజి పెడితె చీరె నిలవడేది. గదే ఆయనకు పేరు తెచ్చింది.

రెండు దినాల ముందు గా చీరెలు కట్టుకొని ఎండల ప్రాక్టీస్ జేసినం. వంగుదమంటె చీరె వంగదు. చెమటకు గంజి కరిగి ఒళ్లంత జిగురు. నా నడుమంత చెమటకాయలు పేలినయ్. సత్తెమ్మ అనే పిల్లయితె పాట మధ్యల కండ్లు తిరిగి పడ్డది.

లచ్చక్క దానికి నీళ్లు తాపి, సీద ఇంటికి పోయి వాళ్ల బాపు ముంగట నిలవడ్డది. నేను దర్వాజ కాడ ఉన్న.

"బాపు, గీ గంజి ఉతికి తీసేస్త. గీ చీరెలల్ల పాడుడు మాతోని కాదు."

ఆయన మగ్గం ఆపలే. కొత్త చీరె ఉతికితె పాతదైతది, నలుగుర్ల నా పని ఖరాబ్ జేస్తవా అన్నడు. గంతే. అక్క ఏడ్చింది. ఏడ్సుకుంటనే చీరెలు మూట గట్టింది.

తెల్లారి వాగుల ఉతికినం. బండకేసి కొట్టి కొట్టి మెత్తగ జేసినం.

గప్పుడైంది అసలు ఆగం. అంచుల ఎర్రరంగు దిగింది! పసుపు చీరెలు ఒక్కోటి ఒక్కో తీరైనయ్. ఒకటి నారింజ, ఒకటి కాషాయం, ఒకటి అంత మరకలే.

నేతోళ్ల పిల్లలు, గా మాత్రం తెల్వదా అంటరేమో. తెల్వదు. మా ఇండ్లల్ల కొత్త చీరె ఉతికినోళ్లు ఎవలు? కొత్తవన్ని అమ్మకానికే పోతుండె. మేం కట్టేటివి రంగు ఎప్పుడో పోయిన పాతవి.

తీగె మీద ఆరేసిన చీరెలు వాళ్ల బాపు చూసిండు. లోపటికి పోయి పండుకున్నడు. గా పొద్దంత మగ్గం సప్పుడు రాలే.

ఇగ పోవుడు బంద్ అనుకున్నం. లచ్చక్క మాత్రం మా రవికెలు తెమ్మన్నది. చంకల కాడ కుట్లు ఇప్పి, గుడ్డముక్కలేసి వదులు జేసింది. చీరె గోచి పెట్టి కట్టాలె, కాళ్లు మంచిగ ఆడాలె, తలకు తడి తువ్వాల చుట్టాలె అన్నది. పూసలు ఎవలియి వాళ్లు ఏస్కోండ్రి అన్నది. పెద్దపల్లిల రైలెక్కినం.

మంచిర్యాలల కమిటీ పెద్దమనిషి మమ్ముల జూసి మొకం మాడ్చిండు. ఇవేం చీరెలు, ఇవేం తలగుడ్డలు, స్టేజ్ ఎక్కద్దన్నడు. నేను రెండడుగులు ఎనుకకేసిన. అక్క ఆయన ముంగటికి నడిచింది.

"చీరెల తప్పు నాది. పాటల తప్పు పోతె గప్పుడు దింపుండ్రి."

జవాబు రాకముందే ఎక్కింది. ఎనుక మేము ఎక్కినం.

మిట్టమధ్యాహ్నం. ఒక్క పాట అనుకున్నది ఆరు పాటలైనయ్. వంగినం, గిర్ర తిరిగినం, కూసొని ఇసురుకుంట పాడినం. చీరె ఎక్కడ గుంజలే, ఎక్కడ అతకలే. జైనూర్ అడవుల దిక్కు నుంచి వచ్చిన గోండు ఆడోళ్లు ముంగటికొచ్చి చప్పట్లు కొట్టిండ్రు. ఆఖరి పాట ఎత్తుకున్నది ఎవలనుకున్నరు? సత్తెమ్మనే.

తిరుగు రైల్ల అందరం ఖుషీగ పాడుకుంట వచ్చినం. అక్క ఒక్కతే కిటికీ దిక్కు చూసుకుంట కూసున్నది. బాపు మాట్లాడుతడా లేదా అని గదే బుగులు.

మాట్లాడలే. పది దినాలు. అన్నం పెడితె తిన్నడు, మొకం జూడలే. రంగు దిగుడు నా తప్పే, గంజి తీసుడు తప్పు గాదు అని అక్క నాతోని అన్నది. గా మాట మీదనే ఉన్నది. గంత మొండిది. గా మొండితనం నాకు మస్తు ఇష్టం.

పదకొండో దినం నేను వాళ్లింట్లనే ఉన్న. బాపు మగ్గానికి ఎక్కిచ్చే కొత్త పడుగు దారాలకు గంజి కాస్తుండు. ఉన్నట్టుండి లేచి, అక్క కట్టిన చీరె తెచ్చి, కొంగు వేళ్ల మధ్యల చాన సేపు రాసి చూసిండు. మళ్ల వచ్చి గంజి గిన్నె అక్క ముంగటికి జరిపిండు.

"ఎంత పల్చగుండాల్నో నువ్వే చెప్పు బిడ్డా."

అక్క వేలు ముంచి చూసింది. ఇంకో రెండు చెంబుల నీళ్లు పొయ్యి అన్నది.

ఆయన పోసిండు.

చల్లగ పండుకో అక్కా. నువ్వు పోయిన కాడ నీకు ఏ ఎండ తగలద్దు.