ఎనక్కెత్తిన బంతి

మా సోములు బావ లిఫ్టరు. వాలీబాల్లో లిఫ్టరంటే ఎవడో సాలామందికి తెల్దు, తెలుసుకుందామనీ ఉండదు. ఎగిరి కొట్టినోడికి సప్పట్లు. ఆడు కొట్టడానికి ఈలుగా బంతిని గాల్లోకి ఎత్తి పెట్టినోడి పేరు ఎవడికీ గుర్తుండదు. నాను ఎగిరి కొట్టినోణ్ణి, కాబట్టి ఈ మాట అనే హక్కు నాకున్నాది.

బావ పొట్టోడు. సముద్రం మీద వేటకెల్లి వలలు లాగి లాగి సేతులు గరుకైపోనాయి గానీ, బంతి ఆ వేళ్ళ మీద పడితే సప్పుడుండీది కాదు. మొహం ఒక పక్కకి పెట్టి బంతిని ఎనక్కెత్తీవోడు. ఎనక్కి సూసీవోడు కాదు. మాలో ఎవడెక్కడున్నాడో, నెట్టుకి అవతల ఎవడెటు కదుల్తాడో అంతా ముందే బుర్రలో ఉండీది. మా ఆటంతా బావ ఆలోసనే. నానూ, బావ తమ్ముడు పోతురాజూ సెరో పక్కనుంచి ఎగిరి కొట్టడమే.

పన్నెండేళ్ళ కిందట రాజాంలో టోర్నమెంటు ఫైనలు. కొత్తవలస దగ్గర ఒక ఫేక్టరీకి వాలీబాల్ టీముండీది. ఆళ్ళకి ఎగిరి కొట్టే స్మేషరు ఒక్కడు కావాల. తీసుకుంటే పర్మినెంటు ఉద్యోగం. ఆ ఫేక్టరీ సారు గణపతిరావు గారు కోర్టు పక్కనే కుర్సీ ఏసుకుని కూకున్నారు. తీసికెల్తే నన్నో, పోతురాజునో అని మా ముగ్గురికీ తెలుసు.

సివరి సెట్టు, మాకు పద్నాలుగు, ఆళ్ళకి పదమూడు. బంతి బావ మీదికొచ్చింది. ఎడం పక్కనుంచి పోతురాజు పరిగెత్తుకొస్తా "అన్నా, నాకు" అని గట్టిగా అరిసాడు. బావ మొహం తమ్ముడి కేసే ఉన్నాది. బంతి మాత్రం ఎనక్కి, కుడిపక్కనున్న నా సేతికొచ్చింది. నా ముందర ఒక్కడూ లేడు. కొట్టాను, గెలిసాం. సారు నా బుజం తట్టి, ఊరూ పేరూ రాసుకున్నారు.

ఉద్యోగం నాకొచ్చింది. పోతురాజు ఊళ్ళో మిగతా కుర్రోళ్ళతో పాటు గుజరాత్ సేపల బోట్ల మీద పనికెల్లిపోనాడు. రెండో ఏడు అక్కడి వేరావల్ రేవు నుంచి ఫోనొచ్చింది, బోటు మీంచి పడిపోనాడని. శవం దొరకలేదు. ఆడి సొక్కా ముందర పెట్టుకుని దినం సేసాం.

ఆళ్ళ తల్లి బుల్లమ్మ మా నాన్నకి అప్ప, నాకు మేనత్త. ఎవడో పుణ్యాత్ముడు ఆమె సెవిలో ఏసాడు, తమ్ముడు అన్నా అని పిలిసినా అన్న బంతి ఇవ్వలేదని. అలాటోడి పళ్ళు రాలగొట్టాల. ఆ రోజునుంచి అత్త పెద్దకొడుకుతో మాటాడ్డం మానేసింది. ఒకే ఇల్లు, ఒకే పొయ్యి. కోడలు తాయారుతో "ఆడికి కూడెట్టు" అంటాది, అంతే. అత్త గంపెత్తుకుని ఊరూరా సేపలమ్ముతాది. అందరి బోట్ల సేపలూ ఏసుకుంటాది, కొడుకు బోటు సేప ముట్టదు. నిండు గంప నెత్తికెత్తడానికి కొడుకు పక్కనే ఉన్నా ఎవళ్ళనో పిలుస్తాది. అలాగ పదేళ్ళు.

బావ ఏడవలేదు, తగువాడలేదు. బంతి ముట్టుకోడం మానేసాడంతే. వేటకెల్తాడు, వస్తాడు, తింటాడు, పడుకుంటాడు. నాను ఊరెల్లినప్పుడల్లా డ్యూటీ ఎలగున్నాదని అడుగుతాడు. మొదట్లో ఆ మాటకి నాకు సిగ్గుతో సచ్చిపోవాలనిపించీది, పోతురాజు కూడు నాను తింటన్నానని. తరవాత్తరవాత అదీ మొద్దుబారిపోనాది. బాగున్నాది బావా అనీసి ఊరుకుంటన్నాను.

పోయిన నెల సెలవు పెట్టి ఎల్లాను. ఒడ్డున బావ బోటు నిండా సేపలుంటే అత్త దాన్ని దాటుకుని వేరే బోటుకాడికి ఎల్తన్నాది. ఎందుకో నాకు కోపం ఆగలేదు. ఆ ఆట నువ్వు సూసావేటి, సూడకుండానే బావని ఇన్నాళ్ళు సంపుతావేటి అని అనీసాను. అత్త గంప దించి నా కేసి తిరిగింది.

"సూళ్ళేదురా. సూపించు," అన్నాది.

సాయంత్రం ఇసకలో నెట్టు కట్టాం. మా పాత టీములో పొట్టలొచ్చినోళ్ళని ముగ్గుర్ని అవతల నిలబెట్టాను. బావ రానన్నాడు. తాయారు సెయ్యట్టుకుని లాక్కొచ్చింది. ఆ రోజు అవతలోళ్ళు బంతి ఆపడానికి ఎక్కడికొచ్చీసారో అక్కడే ముగ్గురూ సేతులెత్తి నిల్సున్నారు. నాను కుడిపక్క. ఎడంపక్క పోతురాజు సోటు ఖాళీ.

అత్త సెంగు బొడ్లో దోపుకుని, ఎవరూ సెప్పకుండానే ఆ ఖాళీలోకి వచ్చి నిలబడ్డాది. నెట్టు మీద ఆరు సేతులు సరిగ్గా ఆమె ఎదర. అటు సూసింది, ఇటు సూసింది. నా ముందర ఎవడూ లేడని కూడా సూసింది. బావ బంతి పట్టుకుని నిల్సున్నాడు, ఎత్తలేదు.

"మరి ఆడు పిలిసాడు గదరా," అన్నాది అత్త, బంతి కేసి సూస్తానే.

"పిలిసాడమ్మా. ఆ పిలుపు ఇనే ముగ్గురూ ఆడి మీదికొచ్చీసారు."

అత్త తలెత్తి ఆ సేతుల కేసి ఇంకోసారి సూసింది.

"ఇక్కడ్నించి దారి లేదురా, సోములూ."

పదేళ్ళలో ఆమె కొడుకు పేరు పెట్టి పిలవడం అదే మొదలు. బావ ఇప్పుడైనా ఏడుస్తాడేమో అనుకున్నాను. ఏడవలేదు. బంతి ఇసకలో పెట్టి, నెట్టు తాళ్ళు విప్పడం మొదలెట్టాడు. నానూ ఎల్లి రెండో పక్క విప్పాను.

మర్నాడు పొద్దున్న నాను బస్సుకి బయల్దేరతా ఒడ్డు కేసి సూసాను. అత్త గంప బావ బోటుకాడ ఉన్నాది. బావ సేపలేసాడు. నిండాక అత్త తలమీద గుడ్డ సుట్ట సర్దుకుని, ఎవళ్ళనీ పిలవకుండా కొడుకు ముందర నిలబడ్డాది. బావ ఒంగి, గంప రెండు సేతుల్తో ఎత్తి, సప్పుడు లేకుండా ఆమె నెత్తి మీద పెట్టాడు.