నెత్తురు కొడగె

మా చిన్నాయన నంజిరెడ్డి పరగోడు గుట్టమీద కాలుజారి పరమపదించాడని గుడిబండె బస్సులో కూడా చెప్పుకుంటున్నారు. సంతాపసభలో ఒక పెద్దమనిషి ఆయనను శాంతమూర్తి అని కొనియాడాడు. రెండూ అబద్ధాలే. కాలుజారినవాని నుదుట గడ్డపార మొన దిగదు. ఆ భౌతికకాయాన్ని కడిగినదాన్ని నేను.

శాంతమట! గుట్టకింది వీరగల్లుమీద కొడవలి నూరుకుంటున్న సొంత బావమరిది చెంప పగలగొట్టి, అదే కొడవలితో వాడి పంచె చెంగు కోసి పంపిన మనిషాయన. ఊరి పశువులకోసం దొంగలతో పోరాడి తెగిపడిన వీరుని ప్రతిమ ఆ రాయి. జీతంలేని కాపలా చిన్నాయనది. "మైసూరు సర్కారుకే పట్టలేదు, నీకెందుకు చిన్నాయనా?" అంటే, "నిన్ను కాలేజీకి పొమ్మని ఎవరడిగినారమ్మా?" అనేవాడు. నా నోరు మూయించిన పురుషుడు ఆయనొక్కడే.

ఆ రాతిమీద పాత కన్నడంలో 'నెత్తురు కొడగె' అని ఉంది. ఊరికోసం రక్తం ధారపోసినవాని కుటుంబానికి ఊరిచ్చిన మాన్యమని దాని అర్థం. చిన్నాయన కనబడ్డవారికల్లా ఆ సంగతి చెప్పేవాడు. మనవాళ్ళకు కచేరీలో అర్జీ పెట్టుకునేంత కన్నడం వస్తే చాలు కదా! కొడు అంటే ఇయ్యి, కాబట్టి నెత్తురిస్తే కింద నిధి తేలుతుందని కొందరు తేల్చుకున్నారు. రాతిముందు పొట్టేలును నరికారు.

చిన్నాయన ఆ తలను తెచ్చి నడివీధిలో విసిరికొట్టాడు. "నిధి అని యాడ రాసుండాదిరా? చదవండి!"

"పొట్టేలు చాల్లేదేమో రెడ్డప్పా!" గుంపులోంచి ఎవడో నవ్వాడు. వీధంతా వాడితో నవ్వింది. అరుగుమీదున్న నాకు నవ్వు వినబడింది, ముఖం కనబడలేదు.

చింతామణి సంతకు మగవాళ్ళంతా పోయిన రోజు, పట్టపగలే, నిధికి ఆశపడ్డవాళ్ళు రాయిని పెకలించడానికి దిగారు. చిన్నాయన ఒంటరిగా ఎదురుపోయాడు. కేక విని మేం ఆడవాళ్ళం పరుగెత్తేసరికి వాళ్ళు లేరు. గుంతలో మట్టి తప్ప మరేమీ లేదు. చిన్నాయన రాయిని కావలించుకొని నెత్తుటిలో పడివున్నాడు.

"రాయి పగిలిందా అమ్మా?"

లేదన్నాను. వీరుని కత్తిపట్టిన చెయ్యి విరిగి ఆయన పక్కనే పడివుంది.

నెత్తురు కొడగె అన్న మాటకు అర్థం తెలిసి, దానికోసం ప్రాణమొడ్డే ధీరుడు ఈ సీమలో ఇక పుట్టడు. ఆ మహానుభావునికి నా కన్నీటి అంజలి. ఆనాటి ఊరు తనకోసం చచ్చినవాని ఇంటికి పొలమిచ్చింది. మాకు పొలం వద్దు. పోలీసులముందు చెవిటివాళ్ళైన ఊరివాళ్ళారా, మీరంతా ఆ వీధిలో ఉన్నవాళ్ళే. ఒక్క పేరివ్వండి: పొట్టేలు చాల్లేదేమో అని నవ్విందెవరు?