తెల్ల దుప్పటి సాక్ష్యం

లుడ్మిలా హోర్న్యాక్ కాపురానికొచ్చిన కొత్తలో, ఉతికి ఆరేసిన దుప్పట్లు మధ్యాహ్నానికల్లా మసిబారేవి. ఎదురుగానే ఉక్కు మిల్లు బొగ్గు బట్టీలు. ఆమె మళ్లీ ఉతికేది. పొగ వాళ్లది, చాకిరీ ఈమెది. ఎవరినీ ఒక్క మాట అనలేదు. పెన్సిల్వేనియాలోని మా నదిలోయలో ఆడవాళ్లందరం అంతే. మసి పడుతోందంటే జీతాలొస్తున్నట్టేనని సర్దుకునేవాళ్లం.

తర్వాత చట్టాలొచ్చాయి. మసి తగ్గింది. లుడ్మిలా అలవాటు మాత్రం పోలేదు: పొద్దున్నే తీగమీద దుప్పటి వేసి, అది తెల్లగా ఉంటేనే కిటికీలు తెరిచేది.

కిందటి వసంతంలో కంపెనీ ఆ పొగ నిబంధనలు సడలించమని ప్రభుత్వాన్ని అడిగింది. బహిరంగ విచారణకు ఆమెనే సాక్షిగా పిలిచింది. "ఆ దుప్పటి తెచ్చి చూపించండి, చాలు" అన్నారు. కొడుకు ఆండ్రూది బట్టీల దగ్గరే పని.

"అమ్మా, నా ఉద్యోగం గుర్తుంచుకో."

"సర్లేరా" అంది.

విచారణనాటి ఉదయం గాలి కదల్లేదు. కుళ్లిన గుడ్ల వాసన. దుప్పటి మాత్రం పాలలా ఉంది. లుడ్మిలా, ఆండ్రూ కూతురు టెస్సా పడుకున్న గది కిటికీ తెరిచి, వంటింట్లోకి వెళ్లింది. కాసేపటికి ఈల వేసినట్టు ఊపిరి వినిపించింది.

"బాబ్కా... రావట్లేదు..." అంది టెస్సా, నానమ్మని పిలుస్తూ.

"ఏంటి తల్లీ, ఏం రావట్లేదు?"

పిల్ల గొంతు పట్టుకు చూపించింది. పెదాలు నీలంగా మారుతున్నాయి. లుడ్మిలా వచ్చి పక్కింటి మా తలుపు బాదింది. కారు నేనే నడిపాను. వెనక సీట్లో ఆమె, "నేనే తెరిచాను, నేనే" అంటూనే ఉంది.

ఆసుపత్రిలో మాస్కు పెట్టారు. "ఇది మసి కాదండీ," అంది డాక్టరు. "విషవాయువు, కంటికానని ధూళి. బట్టమీద మరక వెయ్యవు."

పిల్ల ఊపిరి కుదుటపడ్డాక, కోడల్ని కాపలా పెట్టి, లుడ్మిలా దుప్పటి చంకన పెట్టుకుని విచారణకు వచ్చింది.

"చూశారా, ఎంత తెల్లగా ఉందో!" కంపెనీ మనిషి నవ్వాడు. "ఇంకెంత శుభ్రం కావాలండీ? ఆకాశాన్ని కూడా ఉతకమంటారా?"

హాలంతా నవ్వులు.

"ఉతకడం నీకేం చేతనవుతుందిలే నాయనా," అందామె. "దీన్ని నమ్మే పొద్దున కిటికీ తెరిచాను. నా మనవరాలు ఆసుపత్రిలో ఉంది. ఎంత చాలంటావా? అది కిటికీ తెరుచుకుని పడుకోగలిగితే చాలు."

డ్యూటీ దిగి నేరుగా వచ్చిన ఆండ్రూకు ఆ సంగతి అప్పటిదాకా తెలియదు. కుర్చీ తన్నుకుంటూ తలుపు వైపు పరిగెత్తాడు. "నీ పనీ ఉండాల్రా, పిల్లా ఉండాలి!" అని వెనకనుంచి కేకేసింది తల్లి.

అధికారులు ఇంకా తేల్చలేదు. మరో విచారణ ఉంది. మసి కనిపించడం లేదని గాలి బాగుందనుకోకండి. మీ వీధి పక్క గొట్టం ఏం వదులుతోందో, ఎంత వదలడానికి అధికారులు ఒప్పుకున్నారో నిలదీసి అడగండి. విచారణకు రండి. మాట్లాడలేకపోతే లుడ్మిలా పక్కన కూర్చోండి. ఖాళీ కుర్చీలను వాళ్లు మన ఒప్పుకోలు కిందే లెక్కేస్తారు.