బాపు కోసం కొన్న కారు

పాత కార్లు కొనేవాళ్లకు పైసలన్నా ఎక్కువుండాలి, పిచ్చన్నా ఉండాలి అని మా ఆస్పత్రిలో తోటి నర్సులు నవ్వారు. నాకు ఆ రెండూ లేవు. కోపం మాత్రం చిన్నప్పటి నుంచీ ఉంది. ఆ నల్ల అంబాసిడర్ బోధన్ దగ్గర ఒక చెరుకు తోటల దొరది. మా నాన్న, బాపు, డ్రైవరుగా తన వయసంతా దాన్ని నడిపాడు, ఒక్కనాడు కూడా వెనుక సీట్లో కూర్చోలేదు.

అమ్మను మేం అవ్వ అంటాం. అవ్వకు నెలలు నిండకుండానే నొప్పులొచ్చిన రోజు కారు షెడ్డులో ఉంది, తాళం బాపు జేబులో ఉంది. అవ్వను ఎడ్లబండి మీద బోధన్ తీసుకుపోయారు. చక్కెర ఫ్యాక్టరీ కాటాలో తూకం కోసం రోడ్డు పొడుగునా ఆగిన చెరుకు బండ్ల మధ్య ఇరుక్కుని ఆలస్యమైంది. అవ్వ బతికింది, తమ్ముడు దక్కలేదు. కారు ఎందుకు అడగలేదని పెద్దయ్యాక బాపును నిలదీశాను.

"దొర కారు అడుగుతరా బిడ్డా?" అన్నాడు, నేనేదో తప్పు మాట అన్నట్టు.

తర్వాత ఫ్యాక్టరీ మూతపడింది. దొర పోయాడు. హైదరాబాద్‌లో ఉంటున్న ఆయన కొడుకు కారు అమ్ముతున్నాడని తెలిసింది. నిజామాబాద్‌లో పెండ్లి ఫొటోలు తీసేవాళ్లు ఇప్పుడు ఇలాంటి బండ్ల కోసం ఎగబడుతున్నారు. వాళ్లకంటే ముందే బేరం కుదుర్చుకున్నాను. డ్రైవింగ్ కూడా ఇందుకోసమే నేర్చుకున్నాను. బాపును వెనుక కూర్చోబెట్టి, నేను నడుపుతూ, బోధన్ బజారు మీదుగా నిజామాబాద్‌లో మా చర్చి దాకా తేవాలి. నాకు కావలసింది అంతే.

ఆ ఆదివారం బాపు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. దొర ఇంటి గేటు దగ్గర ఆగి చెప్పులు విడిచాడు. వద్దన్నాను, వినలేదు. దొర కొడుకు నన్ను మేడమ్ అని మర్యాదగానే పిలిచాడు, కాగితాల మీద సంతకాలు పెట్టాడు. తాళం మాత్రం నన్ను దాటించి బాపు చేతిలో పెట్టాడు.

"నా కారు బోధన్ల సర్వీసింగుకిచ్చిన. నన్ను గాడ దింపి పో రా" అన్నాడు. బాపు కంటే ఎంతో చిన్నవాడు.

బండి నేను నడుపుతానని నేను నోరు తెరిచేలోపే బాపు వెనుక తలుపు తీసి పట్టుకున్నాడు. ఆ మనిషి ఎక్కి కూర్చుని ఫోన్ చూసుకోసాగాడు. నేను ముందు, బాపు పక్కన ఎక్కాను. అమ్మేసిన కారు కదా అన్న మొహమాటం కూడా లేదు. నాకు కడుపు మండిపోయింది. అంతకంటే ఎక్కువ మంట బాపును చూస్తే కలిగింది. ఆయన సంతోషంగా ఉన్నాడు.

బోధన్‌లో దొర కొడుకు దిగిపోయాడు. బాపు ఆ తలుపు వేయలేదు. నేను ముందు సీటు దిగి, ఇక నువ్వు వెనుక కూర్చో, ఇదంతా నీ కోసమే కొన్నాను అన్నాను. బజారులో నలుగురూ చూస్తున్నారు. బాపు నవ్వాడు, తలుపు ఇంకాస్త వెడల్పుగా తెరిచాడు.

"కొన్నది నువ్వు. మాలిక్ ముందట కూసుంటదా? ఎక్కు బిడ్డా."

బతిమాలాను. కసిరాను. ఆయన తలుపు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. చివరికి నేనే ఎక్కాను. సీటు ఇంకా వెచ్చగా ఉంది.

మామూలుగా బాపు పక్కన ఎవరున్నా నోరు మూయడు. వానలు, పసుపు ధర, మాక్లూర్‌లో ఎవరి పెండ్లి, ఏదో ఒకటి చెబుతూనే ఉంటాడు. ఆ రోజు నిజామాబాద్ దాకా నాతో ఒక్క మాట మాట్లాడలేదు. వెనుక సీట్లో కూర్చున్నవాళ్లతో ఆయన తనంతట తాను ఎన్నడూ మాట్లాడలేదు.